చెయ్యి పడని లాప్‌టాప్

"ఎక్కువకాలం నిలిచేది ఏదండీ మాస్టారూ?" అని లోవలక్ష్మి అడగడం అది ఎన్నోసారో ఆవిడకే తెలీదు. ఉప్పాడలో గవరయ్య మాస్టారి కొట్లో లాప్‌టాప్‌లు బాగుచెయ్యడం నేర్చుకుంటోంది ఆవిడ. ఆయనకో అలవాటుంది. అడిగిన మాటకి వెంటనే జవాబు చెప్పడు. చేతిలో పని ఆపకుండా "చూద్దాం లేమ్మా" అంటాడు, అంతే.

లోవలక్ష్మి బాధ సామాన్యమైంది కాదు. భర్త వీర్రాజు జాందానీ చీరలు నేసేవాడు. తాతలనాటి అంచులూ బుటాలూ నలభై దాకా అతని బుర్రలోనే ఉన్నాయి. గీసిన కాగితాలు తుఫానులో ఉప్పునీళ్ల పాలయ్యాయి. ఇప్పుడు మాయదారి జబ్బొకటి పట్టి, వేళ్లు ఒక్కొక్కటే చచ్చుబడుతున్నాయి. పెన్సిల్ పట్టలేడు, మీట నొక్కగలడు. ఆ డిజైన్లు నోటితో చెబితే వచ్చేవి కావు, తెరమీద గళ్లు ఒక్కొక్కటీ అతనే నింపాలి. అందుకే లాప్‌టాప్.

మరి కొనదేం? ఒకదానికి మూత బందులు పల్చన. ఇంకోదానికి మెమరీ పెంచుకునే వీల్లేదు. మరోటి చూద్దామంటే, వచ్చే నెల అంతకన్నా మంచిది వస్తుందిట, ఆగాలి. ఎంచబోతే మంచమంతా కంతలే! ఆఫీసువాళ్లు వదిలేసిన లావుపాటిదొకటి మాస్టారు బాగుచేసి బల్లమీద పెట్టాడు. "అడుగున నాలుగు మరలు తీస్తే ఏది పోయినా మార్చుకోవచ్చు, తీసుకెళ్లు" అన్నాడు. పాతది వద్దంది. కొంటే ఒక్కసారే కొనాలి, పదేళ్లు తిరిగి చూడక్కర్లేకుండా ఉండాలి అంది. లేనివాళ్ల భయం అది, తప్పుపట్టలేం.

ఆ మధ్యాహ్నం సత్తెమ్మగారు వచ్చింది. ఆవిడ భర్త కూడా నేతగాడే, పోయి నెల దాటింది. పట్టుగుడ్డ మూట విప్పి లాప్‌టాప్ బయటికి తీసింది. అబ్బ, ఏం మెరుపు! మూతమీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. సందుల్లో మాత్రం ఏటేటా దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా.

"ఆరేళ్లయింది బాబూ. గట్టిది కావాలని కాకినాడంతా తిరిగి కొన్నారు. పాడవుతుందని ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. సీజనయ్యాక డిజైన్లన్నీ ఇందులో ఎక్కిస్తాననేవారు. కాస్త బయటికి తీసిపెట్టండి, మా అబ్బాయి నేస్తానంటున్నాడు" అంది.

మరలు విప్పింది లోవలక్ష్మే. వాడకుండా పడుండి బ్యాటరీ పూరీలా ఉబ్బింది. దాన్ని తప్పించి ఛార్జరు తగిలిస్తే మిషను చక్కగా లేచింది. లోపల ఒక్క డిజైనూ లేదు. వెతికింది, మళ్లీ వెతికింది. ఎక్కిస్తే కదా ఉండడానికి! సత్తెమ్మగారి మొహం చూడలేక లోవలక్ష్మి తెరని మాస్టారివైపు తిప్పింది. చివరికి మాస్టారే చెప్పాడు.

సత్తెమ్మగారు ఏడవలేదు. "కొత్తదాన్లాగే ఉంది కదా బాబూ, ఇంకోసారి చూడండి" అంది. ఆ మాటే మూడుసార్లు అని, మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆవిడ మెట్లు దిగాక మాస్టారు లేచి, బల్లమీది లావుపాటి లాప్‌టాప్‌ని సంచిలో పెడుతూ అడిగాడు.

"మీ ఆయనకి ఇవాళ ఎన్ని వేళ్లు కదుల్తున్నాయమ్మా?"

"మూడండి."

"మొన్న ఆదివారం అడిగితే అయిదన్నావు."