గారె, బూరె, ఊక బస్తా

పట్టాభి గారిని ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని తగులుకునేది. వెనక వరసలకి నా గొంతు వినపడటం లేదండీ, ఏం చెయ్యమంటారని ఒక వేషగాడు అడిగితే, మర్నాడు పొద్దున్నే వాణ్ణి ఉప్పు బండి వెంట ఊరంతా కేకలేయిస్తూ తిప్పించారు. ఏడుపు పద్యానికి కన్నీళ్లు రావడం లేదన్న ఇంకొకణ్ణి వంటపాకలోకి పంపి, కంపెనీ మొత్తానికి ఉల్లిపాయలు తరిగించారు. వాడికి ఆ తరవాత ఏడవడం వచ్చిందో రాలేదో గాని, ఆ పూట పులుసు మాత్రం బాగా కుదిరిందని చెప్పుకునేవారు. అందుకని ఆ నాటకాల కంపెనీలో తెలివైనవాళ్లు ఎవరూ ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు.

అమ్మిరాజు అడిగాడు.

అమ్మిరాజు అంటే ఎవరికీ తెలీదు, బూరె అంటేనే తెలుస్తుంది. నాటకం మధ్యలో తెర దించి సామాన్లు మార్చుకునేటప్పుడు జనం లేచిపోకుండా తెర ముందుకొచ్చే జోడీ ఒకటి ఆ కంపెనీలో ఉండేది. ఆ జోడీ పేరు గారె–బూరె. గారె వేషం కోటిలింగానిది. సన్నగా ఎండిపోయిన మనిషి, పొడుగు కోటు, చచ్చినా నవ్వని మొహం. తెర ముందు ఆయన యజమాని. గుండ్రంగా ఉండే అమ్మిరాజు బూరె, ఆయన ఇంట్లో నౌకరు. నౌకరు ఏదో ఒకటి దొంగతనంగా తింటాడు. యజమాని నిలదీస్తాడు. నౌకరు అబద్ధాల మీద అబద్ధాలాడతాడు. ఆఖరికి యజమాని చెంప పగలగొడితే నౌకరు దబ్బున వెనక్కి పడతాడు. ఉన్నదల్లా ఇంతే. ఈ కాస్త సంగతికి మండపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు.

ఆ వేషాలు మొదట కట్టింది పట్టాభి గారూ, ఆయన జోడీ గవర్రాజూ. గవర్రాజు పోయాక పట్టాభి గారు ఇంకొకణ్ణి వెతుక్కోలేదు. మొహాన రంగు కడిగేసుకుని, ఈ ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి, తనకొచ్చిందంతా నేర్పిపెట్టారు.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు ఎందుకు అడిగాడయ్యా అంటే, కాకినాడ వైపు నుంచి ఇంకో కంపెనీ మేనేజరు వచ్చి బస్టాండు పక్కన హోటల్లో దిగాడు. "నువ్వొక్కడివే రావయ్యా బూరే, బోర్డు మీద నీ పేరే పెద్దక్షరాలతో రాయిస్తాను. ఆదివారం సాయంత్రం బస్సుకి నేను పోతాను. వచ్చేదుంటే నాతోపాటే ఎక్కెయ్," అని కబురంపాడు. ఇంట్లో పెళ్లాం చిట్టెమ్మ అంతకు ముందే పొయ్యి రాజేసి ఉంచింది. "గారె–బూరె అంటారు గాని బూరె–గారె అని ఒక్క నోరైనా అన్నదా? దెబ్బలు తినేది నువ్వు, ముందు పేరు ఆయనదా? నేను నీళ్లకెళితే 'అదుగో, గారె గారి జోడీవాడి పెళ్లాం' అని చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం ఒక మొగుడు లేడూ?" అంది. ఇంత మాట పడ్డాక ఏ మగవాడికి అన్నం సయిస్తుంది?

పోవడానికి మనసు సిద్ధంగానే ఉంది. అయితే వేషం గురువు గారు నేర్పింది. ఆయన నోటితో "వెళ్లిరా" అనిపించుకోకుండా బస్సెక్కితే అన్నంలో రాయి తగిలినట్టు ఎప్పటికీ తగులుతూనే ఉంటుంది. అందుకని ఆదివారం పొద్దున్న ధైర్యం చేసి వెళ్లాడు. పట్టాభి గారు డేరా బయట పీట మీద కూర్చుని కోటుకి బొత్తాం కుట్టుకుంటున్నారు.

"గురువు గారండీ, ఒక్క మాట."

"ఊఁ."

"గారె–బూరెలో జనాన్ని నవ్వించేది ఎవరండీ?"

ఆయన సూది ఆపలేదు, తిట్టలేదు. అమ్మిరాజుకి నోరు పెగిలింది.

"అబద్ధాలాడేది నేనండి. ఏడిచేది నేను, పడేది నేను. ఆఖరికి దెబ్బ కూడా ఆయనది కాదండీ! ఆయన చెయ్యి నా చెంపకి బెత్తెడు దూరాన పోతుంది. చప్పుడు నేను చేసుకోవాలి, పొట్ట కింద రెండు చేతులూ చరుచుకుని. ఇక ఆయన చేసేదేవిటండీ? కరెంటు స్తంభంలాగా నిలబడటం."

"స్తంభం పక్కన పడినా నవ్వుతారంటావు."

"ఎందుకు నవ్వరండీ? నేను కళ్లు గట్టిగా మూసుకుని, మొహం ఇలా ముడుచుకుని, దెబ్బ కోసం నిలబడతానా, అప్పుడు చూడాలండి ఆ నవ్వులు! ఇంకా కొట్టనైనా కొట్టడు. ఒట్టి నా మొహానికే డేరా ఎగిరిపోతుంది."

పట్టాభి గారు దారం పంటితో తెంపారు. "ఆ కాకినాడాయన బస్సు ఎన్నింటికి?"

ఆ సంగతి ఈయన దాకా ఎలా వచ్చిందో! అమ్మిరాజు ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆయ్... సందేళండి."

"మధ్యాహ్నం ఆడవాళ్ల ఆట ఉంది కదా. నువ్వు వెయ్యకు. తలకి తువ్వాలు చుట్టుకుని జనంలో కూర్చో."

"మరి నా బదులెవరండీ?"

"ఊక బస్తా," అని ఆయన రెండో బొత్తాం తీసుకున్నారు.

అమ్మిరాజు సంతోషానికి అంతు లేదు. ఊక బస్తాతో కోటిలింగం ఏం నవ్విస్తాడో లోకమంతా చూస్తుంది. ఆ తరవాత ఇక ఎవరూ ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు.

భోజనాలయ్యాక కోటిలింగం వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చి కాసేపు ఊరికే నిలబడ్డాడు. వేషం లేనప్పుడు కూడా ఆయన తీరు అంతే.

"అమ్మిరాజూ, ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది."

"గురువు గారు బస్తా అంటున్నారు. దాంతో ఏం మాట్లాడను?"

"నాతో మాట్లాడినట్టే మాట్లాడు."

"నువ్వు తిరిగి మాట్లాడతావు కదా," అన్నాడు కోటిలింగం, అదేదో అమ్మిరాజు మర్చిపోయిన సంగతిలాగా. బస్తా చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆయనకి పద్యం రాదు, పాట రాదు. జోడీ విడిపోతే ఆ కంపెనీలో ఆయనకి మిగిలేది పెట్టెలు మొయ్యడమే. అది అమ్మిరాజుకి తెలీక కాదు. తెలిసే, ఆ వైపు తలుపు గడియ వేసి ఉంచుకున్నాడు.

మధ్యాహ్నం ఆటకి డేరా నిండింది. అందరూ ఆడవాళ్లూ, చంకల్లో పిల్లలూ. అమ్మిరాజు తువ్వాలు చుట్టుకుని వెనక గుంజ పక్కన కూర్చోబోతే, వేరుశనక్కాయల బుట్ట ముందు పెట్టుకున్న ఒక ముసలమ్మ అడ్డం పడింది.

"ఏవయ్యోయ్, ఇది ఆడోళ్ల ఆట. కనపడతల్లేదా?"

"మా ఆవిడ లోపలుందండి. తీసుకెళ్లడానికి వచ్చాను."

"అయితే నోరు మూసుకుని కూకో. బుట్ట తన్నావంటే ఊరుకోను."

తెర పడింది. కోటిలింగం ముందుకొచ్చాడు. వెనక ఇద్దరు బస్తాని మోసుకొచ్చి నిలబెట్టారు. దానికి అమ్మిరాజు పంచె కట్టారు, అమ్మిరాజు చొక్కా తొడిగారు, మూతికి పైన అమ్మిరాజు టోపీ పెట్టారు. చూస్తే అమ్మిరాజుకే ఒక్క క్షణం తను అక్కడున్నానేమో అనిపించింది. జనం నవ్వలేదు. ఏమిటిదని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అమ్మిరాజు తృప్తిగా గుంజకి చేరబడ్డాడు.

"సున్నుండలు ఏవిరా?" అని అడిగాడు కోటిలింగం బస్తాని.

బస్తా ఏమంటుంది? కోటిలింగం జవాబు కోసం ఆగాడు. మెడ కొంచెం ముందుకు చాచాడు. చెవి దగ్గర పెట్టాడు. విన్నట్టు తలాడించాడు. మళ్లీ విని, వినకూడని మాటేదో విన్నట్టు గబుక్కున వెనక్కి జరిగి, ముందు వరసలో కూర్చున్నవాళ్ల వైపు ఒక్క చూపు చూశాడు. అంతే, ముందు వరసలో ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె పక్కామెకి అంటుకుంది.

"ఇయ్యాల బూరె బాగా సేత్తన్నాడు," అంది ముసలమ్మ. ఆవిడకి చూపు అంతంత మాత్రం. "రోజూ ఊరికే గెంతులేత్తాడు. ఇయ్యాల పెద్దమనిసిలాగా నిలబడ్డాడు."

"అది బస్తా అండి!"

"ఏదో ఒకటి. బాగా సేత్తన్నాడు. నా పెళ్లైన కొత్తల్లో గవర్రాజని ఒకాయన ఈ ఏసం ఏసేవోడు. మళ్లీ ఇన్నాళ్లకి ఈడు అలా నిలబడ్డాడు."

అమ్మిరాజు పళ్లు కొరుక్కున్నాడు. అప్పటికి కోటిలింగం చెయ్యెత్తాడు.

రోజూ అయితే సరిగ్గా ఇక్కడ అమ్మిరాజు కళ్లు మూసుకుంటాడు. చీకట్లో నిలబడి ఆ నవ్వుల హోరు వింటాడు. ఇవాళ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కోటిలింగం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, తల తిప్పి దాని వైపు చూశాడు, ఎవరిదో పరాయి చెయ్యి తన భుజానికి అతుక్కున్నట్టు. సిగ్గుపడ్డాడు. దించాడు. కోటు చెయ్యి సరిచేసుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఈసారి ముందు వరసలో ఒక పెద్దావిణ్ణి ఏరుకుని, "కొట్టనా అమ్మా?" అని కళ్లతో అడిగాడు. ఆవిడ కొట్టమన్నట్టు తలూపింది. పక్కామె కళ్లని అడిగాడు. "అయ్యో, పాపం, వద్దండీ!" అని ఆమె పైకే అనేసింది. "కొట్టాల్సిందే!" అని ఇంకెవరో. చంటిపిల్లల తల్లులు రెండు పక్షాలైపోయారు. డేరా అంతా ఒకటే నవ్వు, ఒకటే తగువు. బస్తా మాత్రం కదల్లేదు.

అమ్మిరాజుకి తల తిరిగిపోయింది. తను కళ్లు మూసుకున్న కాసేపట్లో, తన మొహానికి బెత్తెడు దూరంలో, ఈ మనిషి రోజూ ఇంత సంసారం చేస్తున్నాడా!

అంతలో కోటిలింగం కొట్టాడు.

చెయ్యి అలవాటు కొద్దీ బెత్తెడు దూరాన గాలిలో పోయింది. చప్పుడు లేదు. పొంగడానికొచ్చిన పాల మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టు నవ్వంతా దిగిపోయింది. "తగల్లేదమ్మా," అంది ఒక చిన్నపిల్ల, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడేట్టు. కోటిలింగం మళ్లీ కొట్టాడు. మళ్లీ గాలే. ఎవరో లేచి చీర దులుపుకున్నారు. ఇంకొకరు పిల్లని చంకనేసుకున్నారు. కోటిలింగం బస్తా వైపు చూశాడు. ఆ చూపు వేషం లోది కాదు. అమ్మిరాజు ఆ మొహాన్ని ఇందాక భోజనాల తరవాత చూశాడు, ఏం మాట్లాడనని అడిగినప్పుడు.

కోటిలింగం ఇంకోసారి చెయ్యెత్తాడు. విసిరాడు.

"ఫెళ్!"

అమ్మిరాజు చరచాలని అనుకోలేదు. చేతులే పొట్ట కిందికి వెళ్లి చరుచుకున్నాయి. చరిచాక పడటం అనేది ఆ ఒంటికి ఆపరాని అలవాటు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒక్క ఎగురు ఎగిరి, తలకి చుట్టిన తువ్వాలు ఊడిపోగా, వెనక్కి, వేరుశనక్కాయల బుట్టలోకి దబ్బున పడ్డాడు.

డేరాలో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. దెబ్బ పడింది అక్కడ. మనిషి పడింది ఇక్కడ. బస్తా చెక్కు చెదరకుండా నిలబడే ఉంది. కోటిలింగం బస్తాని చూశాడు. తన చేతిని చూశాడు. వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. ఆ తరవాత తల నెమ్మదిగా ఎత్తి, అంత దూరాన శనక్కాయల్లో కాళ్లు పైకి పెట్టుకుని ఉన్న అమ్మిరాజుని చూశాడు. చూసి, చాలా మర్యాదగా, "ఉన్నావా?" అని అడిగాడు.

"ఉన్నానండి అయ్యగారూ!" అని బుట్టలోంచి జవాబు వచ్చింది. "సున్నుండలు నేను తినలేదండి! ఆ బస్తాయే తిన్నది, దాని పొట్ట చూడండి!"

ఆ నవ్వుకి డేరా తాళ్లు ఊగాయి. పిల్లలు ఎందుకో తెలీకుండానే కేరింతలు కొట్టారు. నవ్వలేక ఒకామె పక్కామె వీపు మీద గుద్దుతూ కూర్చుంది. లేచినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. ఒక్క ముసలమ్మే నవ్వలేదు. అమ్మిరాజు జుట్టు పట్టి లేపి, చెంప మీద సూటిగా ఒకటి ఇచ్చింది. ఈసారి చప్పుడుకి అమ్మిరాజు సాయం అక్కర్లేకపోయింది.

ఆట అయ్యాక, చెంప ఎర్రగా కంది, జుట్టులో శనక్కాయ పొట్టుతో అమ్మిరాజు గురువు గారి ముందు నిలబడ్డాడు. బస్టాండు వైపు నుంచి కాకినాడ బస్సు హారన్ వినపడుతోంది. డ్రైవరు ఎవరి కోసమో మళ్లీ మళ్లీ మోగిస్తున్నాడు. అమ్మిరాజు అటు తిరగలేదు. వాడి బుర్రనిండా వేరే గోల.

"గురువు గారండీ, చూశానండి. అంతా కళ్లారా చూశాను. అయినా నాకు తేలడం లేదండీ. చప్పుడు లేనిదే ఆయన చూపు నిలబడలేదు. ఆయన చూపు లేకపోతే నా చప్పుడు ఎవరిక్కావాలి? మరి ఆ నవ్వు ఎవరిదని చెప్పుకోవాలండీ? మీరే చెప్పాలి."

హారన్ ఆగింది. బస్సు కదిలిన చప్పుడు దూరమైపోయింది.

పట్టాభి గారు అమ్మిరాజు జుట్టులోంచి ఒక పొట్టు తీసి అవతల పారేశారు.

"సగం ప్రశ్న తెచ్చి మొత్తం జవాబు అడుగుతావేవిట్రా? తక్కిన సగం తెర వెనకాల మొహం కడుక్కుంటోంది. వెళ్లి దాన్ని కూడా తీసుకురా," అన్నారు.