రాజుగారి మీసం, నాలుగు వందల పన్నెండో ఆకు

మేడూరు రాజు గజపాలుడికి ఒకనాడు పొద్దున్నే అద్దాల మేడ చూడాలన్న సరదా పుట్టింది. సరదా పుట్టిందంటే ఇక ఆయన ఆగడు. పల్లకీ వచ్చేదాకా కూడా ఓపిక పట్టకుండా నడిచే వెళ్ళిపోయాడు.

ఆ మేడ కట్టినవాడు దర్పణాచార్యులు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. లోపలి అద్దాల్లో చూస్తే ఊళ్ళో ఎవరింట్లో ఏం వండుతున్నారో, ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారో కనబడుతుంది. పైగా ప్రవేశం ఉచితం! గుమ్మం దగ్గర తొమ్మిది వందల తాటాకుల కట్ట ఒకటి ఉంటుంది. దాని మీద "అంతా చదివాను, సమ్మతించాను" అని వేలిముద్ర వేస్తే చాలు. ఊరంతా వేసింది, ఒక్కడూ చదవలేదు. రాజూ వేశాడు, సాయంత్రందాకా సేనాపతి వంటగది చూసి మురిసిపోయాడు.

మర్నాడు సభలో ఆచార్యులు కట్ట విప్పాడు.

"మహాప్రభూ, నాలుగు వందల పన్నెండో ఆకు. మేడలో అడుగుపెట్టినవారి మీసం నాకు చెందుతుంది. రేపు మధ్యాహ్నానికి ఇప్పించండి."

"అమ్మయ్య, నాకు మీసం లేదు!" అన్నాడు పురోహితుడు.

"మీసం లేనివారికి నాలుగు వందల పదమూడో ఆకు. పిలక."

"నేను లోపలికే రాలేదయ్యా, గుమ్మం ముందు నుంచి వెళ్ళానంతే!" అన్నాడు సేనాపతి.

"గుమ్మం ముందు నడిచినా సమ్మతించినట్టే. ఆ షరతు నిన్ననే చేర్చాను. ఎప్పుడైనా చేర్చే హక్కు నాకుందని మొదటి ఆకులోనే రాశాను."

మీసం లేనివాడు మేడూరు సింహాసనం ఎక్కకూడదని ఆనవాయితీ. మీసం పోతే రాజ్యం పోయినట్టే. రాజు అరచేత్తో మీసం కప్పుకున్నాడు.

"వేలిముద్ర వేశాను, మాట తప్పలేను. ఈ గండం గట్టెక్కించినవారికి అడిగింది ఇస్తాను."

సింహాసనం వెనక తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడ్డ తిప్పక్కకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా ఆ మీసానికి తమలపాకు ఎరుపు అంటితే తుడిచేది ఆమే. ఈ వేషగాడికి ఆ మీసం ఇచ్చేదేమిటి?

మేడూరు సభలో ఒక పద్ధతి ఉంది. తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. పెళ్ళయినా, యుద్ధమైనా దాంతోనే ఖాయం.

మర్నాడు మధ్యాహ్నం క్షురకుడు కత్తి నూరుతుండగా ఆచార్యులు నవ్వుకుంటూ వచ్చాడు. తిప్పక్క ఎదురెళ్ళింది.

"గెలిచినవారు మీరు, ఆచార్యులవారూ. ముందు తాంబూలం పుచ్చుకోండి."

అరటాకులో చుట్టి, దారం కట్టి ఉంది. ఆయన ఆకు విప్పి పారేసి తాంబూలం బుగ్గన పెట్టుకున్నాడు. తిప్పక్క వంగి ఆ ఆకు తీసి రాజుకు అందించింది.

"సూదితో రాశాను ప్రభూ, కాస్త దగ్గరగా పెట్టుకుని చదవండి."

రాజు కళ్ళు చికిలించాడు. "ఈ తాంబూలం పుచ్చుకున్నవారు ఊరందరి వేలిముద్రలూ వదులుకుంటారు. రోజూ తెల్లవారగానే కోటగోడ ఎక్కి కోడిలా కూస్తారు."

ఆచార్యుల దవడ ఆగిపోయింది.

"అన్యాయం! తాంబూలం చుట్టిన ఆకు ఎవరైనా చదువుతారా? చదవకుండా ఒప్పుకున్నది చెల్లదు!"

తిప్పక్క పెట్టె మూత వేసింది.

"సరే. నా ఒక్క ఆకు చెల్లకపోతే మీ తొమ్మిది వందలూ చెల్లవు. మీవి చెల్లితే నాదీ చెల్లుతుంది. కట్ట కాలుస్తారా, గోడ ఎక్కుతారా?"

"కట్టే కాల్చెయ్యండి" అన్నాడు ఆచార్యులు నీరసంగా.

రాజు రెండు చేతులా మీసం మెలేసి పకపకా నవ్వాడు. "తిప్పక్కా, ఏం కావాలో అడుగు!"

"మా అత్త కూడా వేలిముద్ర వేసింది ప్రభూ. ఆవిడ ప్రతి మాటకీ 'ఎందుకు?' అంటుంది. కాల్చేముందు ఆచార్యులవారు ఆ తొమ్మిది వందల ఆకులూ ఆవిడకు చదివి, అర్థమయ్యేలా చెప్పాలి. అదే నా బహుమానం."

"అలాగే ఇచ్చాను!" అన్నాడు రాజు.

ఆచార్యులు ఒక్క క్షణం ఆలోచించి, పంచె ఎగ్గట్టాడు.

"ఆ కోటగోడ ఎటువైపమ్మా?"