ఉత్తరంలో చివరి మాట

పూర్వం గ్రీకు దేశపు రేవు పట్టణంలో క్రైస్తవులు వారానికోసారి కలిసి భోంచేసేవారు. డబ్బున్నవాళ్లు ముందే వచ్చి అంతా తిని ఊడ్చేసేవారు. మూటలు మోసి ఆలస్యంగా వచ్చే మిర్టోలాంటి కూలీలకు ఖాళీ గిన్నెలే మిగిలేవి. ఆ వారం మిర్టో పని వదిలేసి, తాడోపేడో తేల్చుకుందామని ముందే వచ్చింది.

దూరాన ఉన్న తమ గురువుగారు పంపిన ఉత్తరాన్ని అలంకారశాస్త్ర పండితుడు కల్లియాసు చదివాడు: "కూలీలు రాకముందే తినడం సిగ్గుచేటు."

వెంటనే నవ్వేశాడు. "ఇది వ్యంగ్యం! గురువులు తిట్టారంటే మెచ్చుకున్నట్టే. వడ్డించండి!"

"చివరి మాట కూడా చదవండయ్యా," అంది మిర్టో.

కల్లియాసు పొంగిపోతూ చదివాడు: "పండితుడు కల్లియాసును గౌరవంగా ముందు వరసలో కూర్చోబెట్టండి."

"అయితే మెచ్చుకుంటే తిట్టినట్టేగా? లేచి వెనక్కి నడవండి."

పండితుడు గబగబా ఉత్తరం మడిచేశాడు. "గురువుగారు... వ్యంగ్యం రాయరులే."

"అయితే కూలీలు వచ్చేదాకా ఆగండి," అంటూ మిర్టో ఆయన ముందున్న పళ్లెం లాగేసింది.