కూలని ఇల్లు

మూడేళ్ళ పిల్లకు ఏం ఆటవస్తువు చేసివ్వాలో తోచక కాళప్ప తల పట్టుకు కూర్చున్నాడు. ఊళ్ళో ఎవరికైనా చెబితే నవ్విపోతారు. ఆ చుట్టుపక్కల ఏ పెద్దింటి వాకిలి చూసినా, ఏ రథం చక్రం చూసినా కాళప్ప చేతి పనే. మేకు అన్నది వాడకుండా తలుపు బిగించే మొనగాడు. అలాంటివాడికి చిన్నపిల్లల దిమ్మలు చేయడం ఒక లెక్కా అంటారు మీరు. లెక్కే మరి. ఆ పిల్ల సంగతి అలాంటిది.

కాళప్ప ఎర్రమిట్ట దర్గాలో దస్తగిరి తాతకు శిష్యుడు. పెళ్ళాం పోయాక ఉలీ రంపం సంచిలో వేసుకొచ్చి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు, మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. నీది ఏ కులం, ఏ దేవుణ్ణి కొలుస్తావని తాత అడగలేదు. ఏం పని వచ్చునని మాత్రం అడిగాడు. వడ్రంగమంటే, అయితే అది చెయ్యి, నీకు అదే జపం అన్నాడు. ఆ ఒక్క మాట తప్ప కాళప్పకు తాత చేసిన ఉపదేశం ఏదీ లేదు. తాత నోరు విప్పడమే తక్కువ.

శెనక్కాయ చేలకు కూలికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దర్గా వసారాలో వదిలిపోయేవారు. పాకే బిడ్డల మొదలు అయిదేళ్ళ వాళ్ళ దాకా ఉండేవారు. వాళ్ళ కోసం కాళప్ప వేపచెక్కతో దిమ్మలు చేశాడు. గొంతులో ఇరుక్కోకుండా పిడికిలి కంటే పెద్దవి చేశాడు. అంచులు తన బుగ్గకు రాసి చూసుకుని మరీ నున్నగా తీశాడు. రంగు జోలికి పోలేదు. ఆ వయసు పిల్లలు దేన్నైనా ముందు నోటితోనే కదా చూసేది! నాకి, చేదని మొహం వంకర పెట్టి, అయినా బుద్ధి రాక మళ్ళీ నాకేవాళ్ళు. బుడతలు ఒకదాని మీద ఒకటి పెట్టి పడదోసుకునేవాళ్ళు. కొంచెం పెద్దవాళ్ళు బావులు, గొర్రెల దొడ్లు కట్టుకునేవాళ్ళు. మాబున్ని వచ్చేదాకా అంతా సాఫీగానే నడిచింది.

మాబున్ని దర్గాలో వంట చేసే హుసేన్‌బీకి మనవరాలు. పోయిన ఏడాది ముసురుకు నాని నాని వాళ్ళ మట్టిమిద్దె కూలిపోయింది. వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల బతికింది. లోపలున్న తల్లి మట్టి కిందే పోయింది. అప్పటి నుంచి ఆ పిల్ల ఏ కప్పు కిందికీ రాదు. ఎత్తుకుని వసారాలోకి తీసుకుపోతే ఊపిరి బిగబట్టి నీలుక్కుపోయేది. తినడం ఆరుబయటే, పడుకోవడం ఆరుబయటే. ఎండాకాలం గనక ఎలాగో గడిచింది. ముసురు పడితే ఈ బిడ్డను ఎక్కడ దాచుకోవాలి దేవుడా అని హుసేన్‌బీకి ఒకటే బెంగ.

ఇదిలా ఉంటే, ఆ పిల్ల ఆట ఇంకొక బెంగ. వసారా మెట్ల కిందే కూర్చుని దిమ్మలతో నాలుగు గోడలు కట్టేది. పైన పలక మూసేది. మూసి, రెండు చేతులతో ఒక్క తోపు తోసేది. అది పడిన చప్పుడు వినబడితే చాలు, హుసేన్‌బీ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి పిల్లను చంకనేసుకునేది. కాళప్ప దగ్గరుంటే తానే ఎత్తుకుని, అదిగో కోతి, ఇదిగో కొంగ అని మరిపించేవాడు. పిల్ల చేతుల్లోంచి జారిపోవాలని గింజుకునేది, గుక్కపట్టి ఏడ్చేది. దించిన కాసేపటికి మళ్ళీ అదే ఇల్లు, అదే కూలడం.

"కాళప్పా, నీకు పుణ్యముంటాది," అంది హుసేన్‌బీ ఒకనాడు కళ్ళు తుడుచుకుంటూ. "కూలకుండా ఉండేటిది ఏమన్నా చేసియ్యి నాయనా. ఇంక నేను చూడలేను."

తల పట్టుకు కూర్చున్నది అందుకే. మొదట సంతలో రేకు ఇల్లొకటి కొనుక్కొచ్చాడు. తలుపులు, కిటికీలు, ఎర్రరంగు కప్పు, అన్నీ ముందే ఉన్నాయి. మాబున్ని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పక్కన పెట్టేసింది. అందులో ఆమె చేయవలసింది ఏమీ లేదు మరి.

అప్పుడు కాళప్పకు తన విద్య గుర్తొచ్చింది. మంచి టేకు ముక్కలు ఏరి పనిలో పడ్డాడు. ఒక గోడకు చిన్న గుబ్బ, పక్క గోడకు సరిగ్గా దానికే సరిపోయే బెజ్జం. కప్పు పలక నాలుగు గోడల మీదా ఒక్కసారిగా కూర్చుంటుంది. చివరన ఒక చెక్క చీల దిగ్గొడితే ఇక అంతే. అన్నం తినమని పిలిస్తే వస్తున్నా అనేవాడు, వచ్చేవాడు కాదు. పూర్తయ్యాక ఆ బుల్లి ఇంటి మీదికెక్కి నిలబడి చూశాడు. కిర్రుమని కూడా అనలేదు. అంత వయసు వచ్చినవాడు చిన్నపిల్లాడిలా మురిసిపోయి దాన్ని తాతకు చూపించడానికి తీసుకుపోయాడు.

తాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని అతుకుల మీద వేలితో తడిమాడు. పనితనం బాగుందన్నాడు. ఆ పిల్లకేనా అని అడిగాడు. అవునంటే, సరే ఇచ్చి చూడమన్నాడు. కాళప్పకు ఆ 'చూడు' అన్న మాట చెవిన పడితే కదా! పాత వేప దిమ్మలన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాడు. కొత్త ఇల్లు మెట్ల కింద పెట్టాడు.

మాబున్ని వచ్చి దాన్ని తోసింది. పడలేదు. గట్టిగా తోసింది. కూర్చుని రెండు కాళ్ళూ ఆనించి తన్నింది. చీల లాగబోయింది, ఆ చిన్న వేళ్ళకు అదెక్కడ ఊడి వస్తుంది? కాసేపు ఊరికే దాన్ని చూస్తూ నిలబడింది. ఏడవలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ పాడు ఆట మానిపించావు, నీ కడుపు చల్లగా ఉండ అని హుసేన్‌బీ కాళప్పకు రెండు రొట్టెలు ఎక్కువ వేసింది. కాళప్ప కూడా మీసం దువ్వుకున్నాడు. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ ఆటతో పాటు పిల్ల అన్ని ఆటలూ మానేసింది. మాట మానేసింది. పెట్టిన ముద్ద నోట్లో అలాగే ఉంచుకునేది. అంతకుముందు మెట్ల దాకానైనా వచ్చేది, ఇప్పుడు ప్రహరీ గోడ దగ్గర ఎండలో ఆ మూలకు పోయి కూర్చునేది. పడమటి దిక్కున మబ్బులు మాత్రం ఎవరి కోసమూ ఆగేలా లేవు.

కాళప్ప తాత దగ్గరికి పోయి కూలబడ్డాడు.

"తాతా, కూలకుండా చేసిచ్చినా. దాంట్లో నేను చేసిన తప్పేంది?"

తాత ఆ ఇల్లూ, రంపమూ తెమ్మన్నాడు. అటక మీది సంచి కూడా దించమన్నాడు. తెచ్చాక చీల ఊడబెరికి, గోడలు విడదీసి, మొదటి గోడను మోకాలి కింద అదిమిపెట్టి దాని గుబ్బను కోయడం మొదలుపెట్టాడు.

కాళప్ప ప్రాణం విలవిల్లాడింది. వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా కుదిర్చిన అతుకు అది! తాత చేతులు ముసలితనంతో వణుకుతున్నాయి. రంపం పట్టు తప్పి జారుతోంది. జారినప్పుడల్లా మళ్ళీ ఆనించి కోస్తున్నాడు. ఆపమని అడిగే ధైర్యం కాళప్పకు లేదు, చూస్తూ ఊరుకునే ఓపికా లేదు. ఇక పట్టలేక రంపం తన చేతిలోకి తీసుకున్నాడు. తాను పెట్టిన గుబ్బలన్నీ తానే కోశాడు. కోసిన చోట గరుకు లేకుండా ఆకురాయి కూడా పట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరో చచ్చినట్టు మొహం వేలాడేసుకునే ఉన్నాడు.

తాత ఆ పలకలనూ వేప దిమ్మలనూ ఆవరణ నడుమ కుప్పపోయించాడు. పక్కనే కింద కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ కళ్ళు మూసుకున్నాడు. పిల్లను రమ్మని పిలవలేదు. కాళప్పను మాత్రం పక్కన కూర్చోమని సైగ చేశాడు.

చాలాసేపటికి గానీ మాబున్ని కదల్లేదు. వచ్చి, ఒక పలకను వేలితో తోసి చూసింది. పడింది. అప్పుడు కూర్చుంది. నాలుగు గోడలు కట్టింది. చుట్టూ వెతికి, నేల మీద నుంచి ఒక శెనక్కాయ ఏరుకుని గోడల నడుమ జాగ్రత్తగా పడుకోబెట్టింది. పైన పలక మూసింది. మూసి, రెండు చేతులతో తోసింది.

వంటింట్లో నుంచి హుసేన్‌బీ గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. కాళప్ప కూడా అలవాటు కొద్దీ లేవబోయాడు. తాత చెయ్యి అతని మోకాలి మీద పడింది. ఏం బరువున్న చెయ్యి కాదది, కానీ కాళప్ప లేవలేకపోయాడు. తాత కళ్ళు తెరిచి హుసేన్‌బీ వైపు చూశాడు. ఆమె ఎక్కడిదక్కడ నిలబడిపోయింది.

ఎవరూ ఎత్తుకోలేదు. మాబున్ని నమ్మకం లేనట్టు ముగ్గురి వంకా చూసింది. తరువాత మోకాళ్ళ మీద వంగి కూలిన ముక్కలు తీయసాగింది. విసిరెయ్యలేదు. ఒకటొకటే రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. అడుగున శెనక్కాయ కనబడింది. దాన్ని పైకి తీసి, ఉఫ్‌మని దుమ్ము ఊది, గౌను అంచుతో తుడిచింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని మెల్లగా తట్టింది.

"తీసినా," అంది తాతతో.

"తీసినావు తల్లీ," అన్నాడు తాత.

హుసేన్‌బీ నేల మీద చతికిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పొద్దు అందరూ మట్టి తవ్వతాంటే, పిల్ల చూడకూడదని దీన్ని అవతలికి ఎత్తుకపోయినారు సామీ," అంది. "నేనే ఎత్తుకపొమ్మంటి."

కాళప్ప కూలిన ముక్కల వంక చూశాడు. సరిగ్గా ఇల్లు కూలిన ఆ క్షణంలోనే కదా ఇన్నాళ్ళూ తాను పిల్లను ఎత్తుకుపోయి కొంగల్ని చూపించింది! ఆ గింజుకోవడం, ఆ ఏడుపు ఇప్పుడు తెలిసొచ్చి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడ్వడానికి సిగ్గుపడే మనిషే గానీ ఆ పూట సిగ్గుపడలేదు.

మాబున్ని అప్పుడే మళ్ళీ గోడలు కడుతోంది.

"ఇట్ల ఎన్నాళ్ళు ఆడతాది తాతా?" అని అడిగాడు కాళప్ప.

"బయటికి తీసేంతవరకు నాయనా."

ఆ తరువాత ఆమెను ఎవరూ ఆపలేదు. ఆట ఆవరణ నడుమ నుంచి కొంచెం కొంచెంగా మెట్ల దగ్గరికి జరిగింది. పిల్ల ముద్ద మింగడం మొదలుపెట్టింది. ఒకనాటి మధ్యాహ్నం ముసురు రానే వచ్చింది. కాళప్ప వసారా చివర కూర్చుని ఎవరిదో దర్వాజా చెక్కుతున్నాడు. చినుకులు దిమ్మల మీద పడుతుంటే మాబున్ని ఆకాశం వంక చూసింది, దిమ్మల వంక చూసింది. హుసేన్‌బీ పిలవబోయి నోరు మూసుకుంది. పిల్ల మొదట రెండు దిమ్మలు తెచ్చి, మెట్టు మీద నిలబడి చెయ్యి చాపి లోపల పెట్టింది. మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు తెచ్చింది. ఈసారి ఒక కాలు వసారాలో మోపింది. అలా తెస్తూ తెస్తూ, వాన పెద్దదయ్యేసరికి, చివరి పలకతో పాటు తానూ లోపలికి వచ్చేసింది. దిమ్మలు మోసుకుంటూ వసారా దాటి గదిలోకి కూడా పోయింది.

కాసేపటికి గదిలో ఇల్లు కూలిన చప్పుడైంది. హుసేన్‌బీ కాళప్ప వంక చూసింది. కాళప్ప ఉలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. లోపల దిమ్మలు ఒకటొకటే తీసి పక్కన పెడుతున్న చప్పుడు వినబడేదాకా అతను ఉలి దించలేదు.