మూడు శనివారాలు

రేగులవలస డిగ్రీ కాలేజీలో మందాకిని అనే అమ్మాయి ఉండేది. తన కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారంటే చాలు, ఆ పూట ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు. స్నేహితురాళ్ళు సినిమాకి రమ్మంటే మొదటి పాట అయ్యాక వెళ్ళేది. పెళ్ళికి పిలిస్తే తాళి కట్టాక వెళ్ళేది. ఆలస్యానికి పెద్ద కారణాలేమీ ఉండేవి కావు. గుమ్మంలో నిలబడగానే అందరూ "హమ్మయ్య, వచ్చింది!" అనాలి, అంతే.

ఆ ఏడాది విద్యార్థులందరూ ముప్పై గంటలు సేవ చెయ్యాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. సేవంటే ఏమిటో తేలక లెక్చరర్ అప్పలాచారి గారు రెండు రోజులు బాధపడి, చివరికి పిల్లల్ని చేదోడు సంఘం వారి హాస్టలుకి పంపించారు. ఆయన మాత్రం వెళ్ళలేదు. ఆయనకి ఎండ పడదు.

అది చూపులేని ఆడపిల్లల హాస్టలు. ఐదో తరగతి వరకే ఉండేది. ప్రతి శనివారం సాయంత్రం పిల్లలకి పుస్తకం చదివి వినిపించడం మందాకిని పని. హాస్టలు బీరువాలోంచి లావుపాటి నవల ఒకటి తీసింది. తుఫానులో చిక్కుకున్న ఓడ, అందులో ఒంటరిగా మిగిలిన ఒక పాప కథ అది. మందాకిని గొంతు బాగుండేది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఓడ విరగబోతోందనగా టప్పున పుస్తకం మూసేసేది.

"తర్వాతేటయ్యింది అక్కా?" అని పైడితల్లి అడిగేది. పదేళ్ళ పిల్ల. అందరికంటే ముందు కూర్చునేది.

"వచ్చే శనివారం చెబుతా."

"ఒక్క పేజీ అక్కా!"

"ఊహూఁ."

పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయేది. వార్డెన్ సత్యవేణి గారు ఒకసారి అడిగారు.

"పుస్తకం ఇక్కడే ఉంచమ్మా. నువ్వు రాని రోజు ఇంకెవరైనా చదువుతారు."

"వాళ్ళకి పలకడం రాదండీ," అంది మందాకిని.

పప్పులో ఉప్పు గురించి తప్ప ఎవరితోనూ వాదించని మనిషి కాబట్టి సత్యవేణి గారు ఊరుకున్నారు.

ఇంకా మూడు అధ్యాయాలు మిగిలి ఉండగా, ఒక శనివారం పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకు ఐదు అయిపోయింది. నెలాఖరికి మా అయ్య వచ్చి విశాఖపట్నం బళ్ళో చేర్పించేస్తాడు. ఈలోగా ఆ పాప ఒడ్డుకి చేరిపోద్దా?"

"నేనున్నానుగా, చేర్చేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ రోజుతోనే మందాకినికి ముప్పై గంటలూ పూర్తయ్యాయి. అప్పలాచారి గారు చదవకుండా సంతకం పెట్టేశారు. మరుసటి శనివారం పిన్ని కూతురి నిశ్చితార్థం వచ్చింది. ఆ పైవారం జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్ళింది. మూడో వారం కారణం కూడా దొరకలేదు. అద్దం ముందు జడ వేసుకుంటూ, "పాపం, నా కోసమే చూస్తుంటారు," అనుకుని నవ్వుకుంది. ఆ తలపు ఎంత తియ్యగా ఉందంటే, వెళ్ళి దాన్ని పాడుచేసుకోబుద్ధి కాలేదు.

నాలుగో శనివారం వెళ్ళింది. గుమ్మంలో కాసేపు నిలబడింది. "హమ్మయ్య" అన్నవాళ్ళు లేరు.

"పైడితల్లి ఏదండీ?"

"బుధవారం వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు," అన్నారు సత్యవేణి గారు. "మూడు శనివారాలూ ఆ మెట్టు మీదే కూర్చుంది. చెప్పుల చప్పుడైతే లేచేది. పాలవాడు వచ్చినా లేచింది, గ్యాసు బండ వచ్చినా లేచింది. నేను వస్తే కూడా లేచింది. ఇంకో కథ చదువుతానంటే వద్దంది. ఆటో ఎక్కాక కూడా 'ఇంకొంచెం ఆగు అయ్యా' అంది. బస్సు వేళ కదా, ఎంతసేపని ఆగుతాడు?"

మందాకిని గబగబా లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచింది.

"రండి, రండి! మిగతాది చదివేస్తాను."

పిల్లలు కదల్లేదు. నీలవేణి అనే చిన్నపిల్ల, "అక్కర్లేదక్కా," అంది. "పాప ఒడ్డుకి చేరిపోయిందంట. పైడితల్లక్క చెప్పేసింది."

"తనకెలా తెలుసు?"

"తెలీదు. వెళ్ళేముందు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. మేమెవరమూ ఆ మెట్టు మీద కూర్చోకూడదంట."

మందాకిని పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే ఆ మూడు అధ్యాయాలూ చదివి, ఫోనులో రికార్డు చేసి, సత్యవేణి గారి దగ్గర నంబరు తీసుకుని విశాఖపట్నం బడికి పంపించింది. చివర్లో, "విన్నాక ఒక్కసారి ఫోన్ చెయ్యవా, చెల్లీ," అని అడిగింది.

నెల గడిచింది. ఫోను రాలేదు. మందాకిని శనివారాలు ఎవరూ చెప్పకుండానే హాస్టలుకి వెళ్ళేది, అదీ గేటు తియ్యకముందే. ఫోను మోగితే చదువుతున్న వాక్యం సగంలో వదిలేసి లేచి నిలబడేది. ఎక్కువగా అది అప్పలాచారి గారే అయ్యేవారు. ఆయన ఎక్కడో ఇంకో సంతకం మర్చిపోయారట.

మన కోసం ఒకరు ఎదురుచూస్తుంటే మురిసిపోకూడదు. వేళకి వెళ్ళి ఆ ఎదురుచూపు తీర్చడమే సేవ.