మెట్లెక్కిన ప్రెసిడెంటుగారు

పంచాయతీ ల్యాప్‌టాప్‌ను ప్రెసిడెంటు గవర్రాజు గౌరవంగా పట్టుదిండు మీద పెట్టించాడు. ఊరి పటం తెరిస్తే చాలు, అది సెగలు కక్కుతూ ఆరిపోయేది. తప్పంతా ఆపరేటర్ ఇందుమతిదేనని ఆమెను పనిలోంచి తీసేయబోయాడు.

ఆఫీసు ఊడ్చే సన్నెమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది. "తప్పెవరిదో నేను తేలుస్తానయ్యా. ఈ శాలువా ముక్కూ నోరూ మూసేలా చుట్టుకుని, పరుగున మేడెక్కండి. మీవల్ల కాదంటే మానేయండి," అంది.

"నావల్ల కాదా?" అంటూ గవర్రాజు పరుగెత్తాడు. సగం మెట్ల మీదే కూలబడి శాలువా లాగేశాడు. "ఊపిరాడలేదే!"

"దానికీ అంతేనయ్యా. గాలి పీల్చే చిల్లులు దిండులో కూరుకుపోయాయి," అంటూ సన్నెమ్మ ల్యాప్‌టాప్‌ను రెండు చెక్కల మీద పెట్టింది. ఈసారి పటమంతా తెరిచినా అది ఆరిపోలేదు.

"ఈ మాట నోటితో చెప్పొచ్చుగా?" అన్నాడు గవర్రాజు రొప్పుతూ.

"చెబితే, ఊడ్చేదానివి నీకేం తెలుసనేవారు కదయ్యా!" అంది సన్నెమ్మ.