ఇత్తడి మీద రెండో గీత

తణుకులో పాత కార్ల కార్బురేటర్లు బాగుచేసే గున్నేశ్వర్రావు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవాడు. కిరసనాయిలు గిన్నె ఇచ్చేవాడు, లేదా తుప్పు పట్టిన మూత ఇచ్చేవాడు. ఆ పని పూర్తయ్యేసరికి జవాబు దానంతటదే తెలియాలి, తెలియకపోతే వాడి ఖర్మ. అదొక గొప్ప బోధ అని కొందరు చెప్పుకునేవారు. మాట్లాడ్డానికి బద్ధకం అని ఆయన భార్య అనేది. ఏది నిజమైనా, పదకొండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న ఏసుపాదం ఒకనాటి సాయంత్రం చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండా అడిగాడు.

"మేస్త్రిగారూ, ఇక పని ఆపెయ్యాల్సిన రోజు వచ్చిందని మనిషికి ఎలా తెలుస్తుందండి?"

మేస్త్రి అతని మొహంకేసి కాసేపు చూశాడు. "రేపు రాజుగారి బండి వస్తోంది కదా, అప్పుడు చూద్దాంలే" అన్నాడు.

ఏసుపాదం ఆ ప్రశ్న అమాయకంగా అడగలేదు. దాని వెనక ఏడాదిన్నర దాపరికం ఉంది. అదేమిటో తెలియాలంటే ముందు వాళ్ల పని సంగతి కొంచెం చెప్పాలి. కార్బురేటరు అంటే ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి అందించే సామాను. అరవై డెబ్బై ఏళ్ల కిందటివి చేతికొచ్చేసరికి లోపల పెట్రోలు ఎండి, బెల్లంపాకంలా గట్టిపడి ఉంటుంది. మేస్త్రి వాటిని ముక్కముక్కా విడదీసి, రెండ్రోజులు నానబెట్టి, పాత పళ్లబ్రష్షుతో తోమేవాడు. పెట్రోలు చిమ్మే సన్నటి కన్నంలో పందివెంట్రుక తప్ప ఇనపతీగ దూర్చనిచ్చేవాడు కాదు. తీగ తగిలితే ఆ కన్నం వెంట్రుకవాసి పెద్దదవుతుంది, ఇక ఆ బండి జన్మలో కుదురుగా నడవదు. ఎవడైనా తీగ పట్టుకుంటే చాలు, వాడి ఏడు తరాలనూ తిట్టిపోసేవాడు.

రెండు కార్బురేటర్లున్న బండికి అన్నిటికన్నా కష్టమైన పని చివర్లో ఉంటుంది. రెండూ ఒకేలా గాలి పీల్చాలి. ఇప్పుడు దానికి గేజీలొచ్చాయి గానీ, మేస్త్రికి అవంటే ఒళ్లుమంట. మూరెడు రబ్బరు గొట్టం తీసి, ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన కార్బురేటరు మూతి దగ్గర పెట్టేవాడు. లోపల గాలి సుయ్యిమంటుంది. ఇటు విని, అటు విని, ఇత్తడి స్క్రూని పిసరంత తిప్పి, మళ్లీ వినేవాడు. రెండు చప్పుళ్లూ ఒకటయ్యాయంటే పని అయిపోయినట్టే. నలభై ఏళ్లు ఆ చెవి తప్పలేదు. అటు విశాఖపట్నం నుంచీ ఇటు నెల్లూరు నుంచీ బండ్లు ఆ చెవి కోసమే వచ్చేవి.

అలాంటి చెవి పోయింది. పోయినట్టు మొదట కనిపెట్టింది ఏసుపాదమే. నిరుడు ఉగాది ముందు ఒక డాక్టరుగారి బండి సవరించినప్పుడు, గొట్టం లేకుండానే అతనికి తేడా వినబడింది. వెనకది బుసకొడుతోంది, ముందుది మూలుగుతోంది. మేస్త్రి మాత్రం "భేషుగ్గా ఉంది" అనుకుంటూ గొట్టం చుట్టి జేబులో పెట్టుకుని టీకి వెళ్లిపోయాడు. ఏసుపాదం అటూ ఇటూ చూసి, తన స్క్రూడ్రైవరు తీసి, గబగబా రెండూ సమానం చేసేశాడు. ఈ ఒక్కసారికే అనుకున్నాడు. కానీ అదే ఆనవాయితీ అయిపోయింది. మేస్త్రి టీకి వెళ్లడం, ఇతను దిద్దడం, బండివాళ్లొచ్చి మేస్త్రి చెవిని పొగడడం. పొగుడుతుంటే పక్కన నిలబడి ఏసుపాదం కూడా నవ్వుతూ తలాడించేవాడు. అదంతా గురుభక్తి అనుకున్నాడు. భక్తి లేకపోలేదు, పని నేర్పి, దగ్గరుండి పెళ్లి జరిపించిన మనిషాయె. దాంతోపాటు, ఆయనకి లేని చెవి నాకుందన్న తీపి కూడా లోపల ఎక్కడో ఉండేది. దాన్ని మాత్రం తనకి తను కూడా ఒప్పుకోలేదు.

ఆమధ్య అత్తగారి జ్ఞాపకార్థ కూటానికని ఏసుపాదం పెళ్లాం పిల్లల్తో నిడదవోలు వెళ్లి ఆరు రోజులు ఉండిపోయాడు. సరిగ్గా ఆ ఆరు రోజుల్లోనే మేస్త్రి రామభద్రరాజుగారి బండి సవరించాడు. విశాఖలో పాత కార్ల ఊరేగింపు ఉందని, మీరు రాకపోతే ఎలాగని, రాజుగారు మేస్త్రిని కూడా ఎక్కించుకున్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముందు సీట్లో పెళ్లికొడుకులా కూర్చుని వెళ్లాడు పెద్దాయన. తుని దాటకుండానే ఇంజను దడదడలాడి ఆగిపోయింది.

ఆ ఇంజను కట్టింది పక్క షెడ్డు నూకరాజు. మేస్త్రికి ముప్పై ఏళ్ల స్నేహితుడు, వెనక బండిలోనే వస్తున్నాడు. అతను దిగీ దిగకముందే మేస్త్రి విరుచుకుపడ్డాడు. నా కార్బురేటర్లలో తప్పుండదు, నాసిరకం సామాను వేసి దొంగపని చేశావు అని నడిరోడ్డు మీద, పదిమందిలో అరిచాడు. నూకరాజు బండిని లాక్కొచ్చి, ఇంజను విప్పి, మేస్త్రిని పిలిచి చూపించాడు. వెనక కార్బురేటరు కింద ఉన్న రెండు పిస్టన్లే మాడిపోయాయి, ముందువి నిక్షేపంలా ఉన్నాయి. వాటికి గాలి ఎక్కువై పెట్రోలు చాలలేదు. ఇంజనులో ఏ తప్పూ లేదు, పైన సవరించినవాడిదే తప్పు. చూపించి చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఊరినుంచి వచ్చి ఈ సంగతి విన్నాక ఏసుపాదానికి అన్నం సయించలేదు. మొదట్లోనే చెప్పి ఉంటే మేస్త్రి రెండ్రోజులు తిట్టేవాడు, మూడోరోజు గొట్టం తన చేతికిచ్చేవాడు. నూకరాజు దొంగ అనిపించుకునేవాడు కాదు. చెప్పెయ్యాలి, ఇవాళ చెప్పెయ్యాలి అని మూడు వారాలు తిరిగాడు. చివరికి ఆ సాయంత్రం నోరు పెగిలి బయటికొచ్చింది ఆ డొంకతిరుగుడు ప్రశ్న ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే నూకరాజు బండి తోలుకొచ్చాడు. కొత్త పిస్టన్లు వేశాడు, ఇక కార్బురేటర్లు సవరించడమే మిగిలింది. రాజుగారు పంపమన్నారు కాబట్టి వచ్చాడు తప్ప లోపలికి రాలేదు. ఇంజను ఆపకుండా దిగి, చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మేస్త్రి కూడా పలకరించలేదు. గొట్టం తీసి చెవిలో పెట్టుకున్నాడు. ఇటు విన్నాడు, అటు విన్నాడు, స్క్రూ తిప్పాడు, మళ్లీ విన్నాడు. పావుగంట అలా చేసి, గొట్టం తెచ్చి ఏసుపాదం చేతిలో పెట్టాడు. పదకొండేళ్లలో ఆ గొట్టం ఇంకొకరి చేతికి రావడం అదే మొదలు.

"రెండూ విను. విని ఎలా ఉన్నాయో చెప్పు."

ఏసుపాదం గొట్టం చెవిలో పెట్టుకుని ముందుదాని దగ్గర విన్నాడు. గొట్టంలో ఏ చప్పుడూ లేదు. వెనకదాని దగ్గర పెట్టాడు. అక్కడా లేదు. మడతపడిందేమోనని గొట్టం తడిమి చూశాడు, బాగానే ఉంది. గుమ్మంలోంచి నూకరాజు చూస్తున్నాడు. ఏమీ వినబడట్లేదండి అంటే, మరి పావుగంట సేపు మేస్త్రి విన్నదేమిటి? మేస్త్రితో మాటల్లేని నూకరాజు ముందు ఆ మాట అనేకన్నా నాలుక కోసుకోవడం నయమనిపించింది. ఎలాగూ టీ వేళకి తను దిద్దేస్తాడు కదా.

"రెండూ సమానంగా ఉన్నాయండి" అన్నాడు.

"సరిగ్గా విన్నావా?"

"విన్నానండి. బ్రహ్మాండంగా ఉన్నాయండి."

మేస్త్రి ఇంజను ఆపేశాడు. గొట్టం వెనక్కి తీసుకుని, పొడుగాటి తీగ దూర్చి పొడిచాడు. నూనెలో ముంచి కుక్కిన దూది, వేలెడు ముక్క, బల్ల మీద పడింది.

"పొద్దున నేనే కుక్కాను" అన్నాడు. "డాక్టరుగారి బండి మొన్న వచ్చింది. తర్వాత నేనే వెళ్లి ఇంకో నాలుగు బండ్లు చూసొచ్చాను. ఇత్తడి మెత్తన, తిప్పితే గీత పడుతుంది. ప్రతి స్క్రూ మీదా నా గీత సన్నగా ఉంది. దానిమీద ఇంకో గీత, లావుగా. నీ స్క్రూడ్రైవరు మొన లావు."

ఏసుపాదం "మీ పరువు పోతుందనేనండి..." అని ఏడ్చేశాడు.

"నా పరువు నువ్వు దాచావు. వీడి పరువు నేను తీశాను" అని మేస్త్రి గుమ్మం దగ్గరికి నడిచాడు. "నూకరాజూ, ఆ రోజు నిన్ను దొంగన్నాను. తప్పు నాదేరా."

నూకరాజు తల పక్కకి తిప్పుకున్నాడు. "నడిరోడ్డు మీద పదిమందిలో అన్నావు మేస్త్రీ. ఇక్కడ షెడ్డులో చెప్తున్నావు" అన్నాడు. బండి తాళాలు కిటికీలో పెట్టి, తన షెడ్డుకి వెళ్లిపోయాడు. మేస్త్రి అతను వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డాడు. పిలవలేదు. తర్వాత వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఒక్క పూటలో పదేళ్లు మీదపడ్డట్టున్నాడు.

ఏసుపాదం ఆయన దగ్గరికెళ్లి, కళ్లు తుడుచుకుంటూ, "రేపట్నుంచి నన్ను రమ్మంటారా, వద్దంటారాండి?" అని అడిగాడు.

మేస్త్రి ఈసారి అతని చేతికి ఏ పనీ ఇవ్వలేదు. నేలకేసి చూస్తూ అన్నాడు:

"చెవి మీద నాకు నిరుడే అనుమానం వచ్చిందిరా. ప్రతి బండికీ గొట్టం దించగానే, తప్పుంటే చెప్తావేమోనని నీ మొహం చూసేవాణ్ణి."